న్యూ ఆర్లీన్స్ రొట్టెకి వియత్నాం చెయ్యి

అమెరికాలో బర్గర్లూ పిజ్జాలూ తప్ప తిండేముందని పెదవి విరిచేవాళ్లు ఒక్కసారి న్యూ ఆర్లీన్స్ వెళ్లాలి. వెళ్లి, అందరిలా ఫ్రెంచ్ క్వార్టర్లోనే చక్కర్లు కొట్టకుండా, ఊరికి తూర్పున షెఫ్ మెంటూర్ హైవే పట్టుకుని డాంగ్ ఫువాంగ్ బేకరీ దాకా పోవాలి. ఫ్రెంచివాళ్లు కట్టిన ఆ ఊళ్లో ఇవాళ అన్నిటికన్నా మంచి రొట్టె దొరికేది 1982లో ట్రాన్ దంపతులు తెరిచిన ఆ వియత్నామీ దుకాణంలోనే. కాదనేవాళ్లతో వాదనకి నేనెప్పుడూ సిద్ధం.

వియత్నామీలు అక్కడికెలా చేరారన్నది పెద్ద కథ. 1954లో ఉత్తర వియత్నాం నుంచి దక్షిణానికి పారిపోయిన కాథలిక్కులు చాలామంది, 1975లో సైగాన్ పడిపోయాక మళ్లీ కట్టుబట్టలతో బయల్దేరారు. ఆర్చిబిషప్ ఫిలిప్ హ్యానన్ చొరవతో చర్చి సంస్థలు వాళ్లని న్యూ ఆర్లీన్స్ తూర్పు శివార్లలో వెర్సైల్స్ అపార్టుమెంట్ల దగ్గర దింపాయి. దిగిన చోట ఉక్కపోత, చిత్తడి నేల, అన్నం, రొయ్యలు, చర్చి గంటలు, ఒకప్పటి ఫ్రెంచి పాలన ఆనవాళ్లు. ఏదీ పూర్తిగా కొత్త కాదు. అందుకే కాబోలు, ఊరికి నచ్చాలని తమ వంటని పలచన చేసుకోవాల్సిన అవసరం వాళ్లకి రాలేదు.

ముందు రొట్టె సంగతి. వియత్నాంకి పొడుగు రొట్టె నేర్పింది ఫ్రెంచివాళ్లే. అక్కడి చేతుల్లో పడ్డాక అది తేలికైంది. గోధుమపిండిలో బియ్యప్పిండి కలుపుతారని కొందరంటారు, ససేమిరా కాదని కొందరంటారు. ఏం కలిపినా అసలు విద్య పులియబెట్టే ఓపికలోనూ పొయ్యిలోని ఆవిరిలోనూ ఉంది. పిండి నిండుగా పొంగాలి, పైన కత్తితో గాటు పడాలి, కాల్చే మొదటి నిమిషాల్లో పొయ్యి నిండా ఆవిరి ఉండాలి. ఆవిరి ఉన్నంతసేపూ పైపొర గట్టిపడదు కాబట్టి రొట్టె హాయిగా ఉబ్బుతుంది. ఆవిరి పోయాక ఆ పొర ఎండి, నొక్కితే అప్పడంలా చిట్లుతుంది. లోపల బరువే ఉండదు. అందులో కాలేయంతో చేసిన పాటే, పంది మాంసం, చక్కెర వేసిన వెనిగర్లో ఊరిన క్యారెట్టూ ముల్లంగీ, కీరా, కొత్తిమీర, పచ్చిమిర్చి పెడితే బాన్ మీ. 1929 ట్రామ్ కార్మికుల సమ్మెకాలంలో పుట్టిన పోబాయ్ ఆ ఊరి సొంత శాండ్‌విచ్. ఇప్పుడు పోబాయ్ దుకాణాలు కూడా కొన్ని డాంగ్ ఫువాంగ్ రొట్టె తెప్పించుకుంటున్నాయి. ఇంతకన్నా కితాబు ఏముంటుంది?

ఉంది, కింగ్ కేక్. జనవరి 6 నుంచి మార్డి గ్రా పండగ దాకా ఊరంతా ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగుల చక్కెర చల్లిన ఈ కేకే తింటుంది. చాలా బేకరీల్లో అది పంచదార ముద్ద, మధ్యలో ఎండిన పిండి. డాంగ్ ఫువాంగ్ తెరిచిన దంపతుల్లో ఒకరైన హువాంగ్ ట్రాన్ గారు 2008 ప్రాంతంలో దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఆవిడ తండ్రిది వియత్నాంలో బేకరీ, ఆ పని ఆయన దగ్గర నేర్చుకున్నదే. వెన్న, గుడ్లు వేసిన మెత్తని పిండి. జడలా అల్లరు. అంచు పొడుగునా గాట్లు పెట్టి, ఆ గాట్లు విచ్చుకునేలా గుండ్రంగా వంచుతారు. పైన తీపి తగ్గించిన క్రీమ్ చీజ్ పూత. అంతే! నూరేళ్లుగా ఆ కేకు చేస్తున్నవాళ్లు తలలు పట్టుకున్నారు. పండగ రోజుల్లో తెల్లారకుండానే వరసలు కడతారు. 2018లో జేమ్స్ బేర్డ్ ఫౌండేషన్ ఆ బేకరీకి ‘అమెరికాస్ క్లాసిక్స్’ పురస్కారం ఇచ్చింది. వరసలో నిలబడేవాళ్లకి ఆ తీర్పు ముందే తెలుసు.

ఫో సూప్ గురించి చెప్పకపోతే వెర్సైల్స్ అమ్మమ్మలు నన్ను క్షమించరు. ఫో పుట్టిల్లంటే చాలామంది చూపించే నామ్ దిన్ ప్రాంతంలోదే బుయ్ చు. వెర్సైల్స్ కుటుంబాలు అనేకం అక్కడివే. ఎముకల్ని ఓసారి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, కడిగి మళ్లీ పొయ్యెక్కిస్తారు. ఉల్లిపాయలూ అల్లం మంట మీద నల్లగా కాలుస్తారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు వేయించి వేస్తారు. ఆపైన సన్నని సెగ మీద గంటల తరబడి, తెట్టు తీస్తూ కాచడం. తెర్లనిచ్చారా, రసం మసకబారుతుంది. చివర్లో కాస్త పటికబెల్లం, ఉప్పులో మాగిన నెత్తళ్ల రసం. పక్కన పెట్టే ఆకుల్ని ఆ ముసలివాళ్లు పెరళ్లలోనూ కాలవ గట్ల మీదా పెంచి శనివారం వేకువన సంతలో అమ్మేవాళ్లు. కాఫీ సంగతి మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. చికోరీ కలిసిన ఆ ఊరి కెఫే డు మాండ్ కాఫీపొడి డబ్బా అమెరికాలో వియత్నామీ వంటిళ్లన్నిటికీ పాకింది. ఫిల్టర్ కాఫీలో చికోరీ వాటా గురించి తగవులాడుకునే మనం ఆ చుక్కని వెంటనే గుర్తుపడతాం.

2005లో కట్రీనా తుపాను ఊరిని ముంచినప్పుడు అందరికన్నా ముందు తిరిగొచ్చి పొయ్యిలు వెలిగించినవాళ్లలో వీళ్లున్నారు. 2010లో సముద్రంలో చమురు ఒలికి రొయ్యల పడవలు నిలిచిపోతే, కొందరు కలిసి సహకార సంఘం పెట్టుకుని కూరగాయలు పండించారు. అలాంటివాళ్ల వంటని ఇప్పుడు కొన్ని హోటళ్లవాళ్లు ఎలా చేస్తున్నారో చూడండి! మెత్తటి బన్నులో మయోనైజ్, మిరప సాస్ పిండి, నాలుగు క్యారెట్ తురుములు చల్లి బాన్ మీ అంటారు. ప్యాకెట్ పొడిని వేణ్ణీళ్లలో కలిపి ఫో అంటారు. కింగ్ కేకులు డజన్లకొద్దీ కొని రెట్టింపు ధరకి అమ్ముకునే దళారులు వేరే.

వీటన్నిటికన్నా నాకు మండేది రొయ్య విషయంలో. అమెరికా గల్ఫ్ తీరంలో రొయ్యల పడవలు నడిపేవాళ్లలో వియత్నామీలు చాలామంది. చెరువుల్లో పెంచిన దిగుమతి రొయ్య ధరకి వాళ్లు ఆగలేకపోతున్నారు. తెలుగువాడిగా ఈ మాట అనడం ఇబ్బందే, ఎందుకంటే ఆ దిగుమతిలో మన ఆంధ్ర తీరపు వనామీ వాటా చిన్నదేం కాదు. చెరువు రైతుది తప్పు కాదు, ఆయన రొయ్యని రొయ్యగానే అమ్మాడు. దాన్ని గల్ఫ్ రొయ్య అని నమ్మించి వడ్డించే రెస్టారెంటుది తప్పు. విదేశీ రొయ్య వాడితే ఆ సంగతి తినేవాళ్లకి తెలియజెయ్యాలని న్యూ ఆర్లీన్స్ ఉన్న లూసియానా రాష్ట్రం చట్టం చేసిందంటే, ఈ మోసం ఎంత మామూలైపోయిందో తెలుస్తుంది.

హ్యూస్టన్ మిత్రులు తమ వియత్నామీల వెన్న-వెల్లుల్లి క్రాఫిష్ గురించి గొప్పలు పోతారు. రుచిగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ రొట్టె కాల్చడంలో మాత్రం న్యూ ఆర్లీన్స్ కాలిగోటికి చాలరు. హ్యూస్టన్ నుంచి కారులో అయిదారు గంటలే. వారాంతంలో పిల్లల్ని వేసుకుని వెళ్లండి. న్యూ ఆర్లీన్స్‌లోనే పుట్టిన నీనీ న్విన్ 2024లో తెచ్చిన వంటపుస్తకం కొని ఇంట్లో ప్రయత్నించండి. ఏ హోటల్లో కూర్చున్నా ముందు రొయ్య ఎక్కడిదని అడగండి. వడ్డించేవాడు నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.