మాట్లాడిన కారట్ దుంప

అమెరికాలో 1965 నుండి 1968 వరకు ప్రసారమైన ‘లాస్ట్ ఇన్ స్పేస్’ అను టెలివిజన్ కథావళిలో ఒక వింత భాగము కలదు. 1968లో వచ్చిన ఆ భాగములో డాక్టర్ స్మిత్ ఒక గ్రహముపై పువ్వు కోయును. మనిషంత కారట్ దుంప ఒకటి వచ్చి, అది నేరమని నిందించును.

దుంప మాట్లాడుటలో దోషము లేదు. కథకు ఆ స్వేచ్ఛ కలదు. అయితే ఆ దుంప తొడుగు మార్చుకొన్న మనిషి మాత్రమే. నిజమైన మొక్క ఇంతకన్న వింతైనది. నాడులు లేకున్నను, తాకగానే అత్తిపత్తి ఆకులను ముడుచుకొనును. విద్యుత్ సంకేతము అందిన వెంటనే ఆకు మొదటనున్న కణములు నీటిని కోల్పోవుటయే ఇందుకు కారణము. మొక్కల ఇట్టి స్పందనలను జగదీశ్ చంద్ర బోస్ పరికరములతో కొలిచెను.

స్పందన వేరు, బాధ వేరు. కథ ఈ రెంటిని కలిపివేసినది. ఉపాధ్యాయుడు వాటిని విడదీసి చూపినచో, విద్యార్థికి నవ్వుతోపాటు విజ్ఞానమును మిగులును.