రాయబార ఘట్టమున వచోబలము: విద్యార్థులకు దానిని బోధించు విధము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందుఁ బద్యనాటకము పండితుల సొత్తు మాత్రమే గాదు. పామరుల నాలుకలపైఁ గూడ నది నిలిచినది. బాపట్లలో 1902వ సంవత్సరమున జన్మించిన స్థానం నరసింహారావుగారును, రామవిలాస సభవారును దెనాలి రంగస్థలమునకుఁ దెచ్చిన కీర్తి చదువరు లెఱిఁగినదే. ఆ తెనాలికిఁ జేరువనే యున్న అంగలకుదురు వంటి గ్రామములలోఁ దిరుపతి వేంకటకవుల పాండవోద్యోగము బడిలోఁ బాఠముగా రాకమున్నే బాలుర చెవులకుఁ బరిచితమగుట వింత గాదు. శ్రీకృష్ణ రాయబారపుఁ బద్యములు గ్రామఫోను పలకలనుండి రేడియోకును, నేఁడు చేతిలోని ఫోనులకును దిగివచ్చినవి. కావున నా ఘట్టమును బోధించు నుపాధ్యాయునకుఁ బరిచయము కల్పించు శ్రమ లేదు. అతనికిఁ గల శ్రమ వేఱు: ఇదివఱకే మెచ్చుకొనఁబడిన దానిని మరలఁ బరీక్షింపఁజేయుట.

మన పాఠశాలలలో నాటకపాఠము తఱచుగా నెట్లు నడచుచున్నది? పద్యమును రాగయుక్తముగాఁ జదివింతురు, ప్రతిపదార్థము చెప్పింతురు, గణవిభాగము చేయించి యతిప్రాసములు చూపింతురు, అలంకారమునకుఁ బేరు పెట్టింతురు, తుదకుఁ బద్యమును గంఠస్థము చేయింతురు. ఇవి యన్నియుఁ గావలసినవే. కాని యొక ప్రశ్న మాత్రము మిగిలిపోవుచున్నది. ఈ మాట వినినవాని మనస్సున నేమి చేయఁదలఁచినది? నాటకమునందలి వాక్యము వర్ణనకొఱకుఁ బుట్టినది గాదు. ఒకఁడు మఱియొకనిచేత నేదియో చేయింపఁగోరియో, మాన్పఁగోరియో పలుకును. ఆ కోరికను విడిచి యలంకారమును మాత్రము చెప్పుట, బాణమును జూపి లక్ష్యమును జూపకుండుట వంటిది.

ఈ విచారణ పశ్చిమదేశములనుండి యరువు తెచ్చుకొన్నదని కొందఱు తలంపవచ్చును. అరిస్తాతలు తన వక్తృత్వశాస్త్రమున శ్రోతను నమ్మించు సాధనములు మూఁడని చెప్పెను: వక్త శీలము, శ్రోత చిత్తవృత్తి, వాదమునందలి యుక్తి. ఇది యుపయోగకరమైన విభాగమే. అయినను మనకు మూలధన మింటనే కలదు. భరతముని నాట్యశాస్త్రమున నిరువదియొక్క సంధ్యంతరములను బేర్కొనుచు సామ భేద ప్రదాన దండములతో నారంభించెను. ఆ పట్టికలోనే మాయయు, భయమును, హేత్వవధారణమును, దూతయు, లేఖయుఁ గలవు. రాజనీతికి సంబంధించిన యుపాయములను నాటకాంగములుగాఁ గూడ నాతఁడు గ్రహించెననుట కింతకంటె నేమి కావలయును? న్యాయశాస్త్రము ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము నను నైదవయవములను, హేత్వాభాసములను మన కిచ్చినది. వాద జల్ప వితండములకు భేదము చెప్పినది. వీనిని దర్కపాఠమునకే విడిచి నాటకపాఠమున మఱచుట మన లోపము.

ఇఁక రాయబార ఘట్టమునకు వత్తము. ఇందుఁ గృష్ణుని పద్యములు మూఁడు ప్రధానముగా జనుల నోట నున్నవి. వాని నుద్ధరింపఁబని లేదు. అవి చదువరులకు నోటికి వచ్చినవే. మొదటిదానిలోఁ గృష్ణుఁడు జరిగిన యపకారమును స్మరించును గాని దానిపై నిలువఁడు. పాండవులు దానిని సహించిరనియు, నది గతించినదనియుఁ జెప్పి, తన్ను దూతగాఁ బంపిన కారణమును దెలిపి, సంధియా సమరమా యని స్పష్టోత్తర మడుగును. ఇందలి నేర్పును విద్యార్థి యెట్లు కనుగొనవలయును? ముందుగా నపకారమును మఱచితిమనుటయే దానిని సభకు జ్ఞప్తికిఁ దెచ్చుట యని గుర్తింపవలయును. తరువాత సంధిపక్షమున సంతానమును, బ్రజల యభివృద్ధియు నిలుపఁబడినవి. రెండవ పక్షమున యుద్ధ మొక్కటియే మిగిలినది. త్రాసులో నొక తట్ట ముందే వంగియున్నది. మూఁడవది, మార్గములు రెండే యని చెప్పఁబడినది. నిజమునకు దుర్యోధనునకుఁ గాలయాపన మను మూఁడవ మార్గముండెను. అంతవఱకు వాఁ డవలంబించినదియు నదియే. ఆ ద్వారమును మూయుటయే యీ పద్యము చేసిన పని.

రెండవదానిలో యుక్తి లేదు, చిత్రము కలదు. ధ్వజముపైఁ గపి, నొగలపైఁ గృష్ణుఁడు, రథముపై గాండీవధారి. ఓడిపోవుదువని వాదించుటకు మాఱుగా నోటమిని గన్నులకుఁ గట్టించుట యిందలి యుపాయము. ఇంకను సూక్ష్మముగాఁ జూచినచో, నిందు భయహేతువు మరణము గాదు, ఏకాకిత్వము. వీరుఁడు మరణమునకు వెఱవఁడు. తన మొఱ నాలకించువాఁ డొక్కఁడును లేని దినమునకు వెఱచును. కవి దుర్యోధనుని యభిమానము నెఱిఁగి దానిలోని మర్మస్థానమును దాఁకెను. మూఁడవదానిలో ధర్మరాజు శాంతియే బెదరింపునకుఁ బునాదియైనది. కోపించుట యెఱుఁగనివాఁడు కోపించిననాఁడు ప్రళయమే యనుటలోఁ బ్రశంసయు దండోపాయమును నొక్కమాటలో నిమిడినవి. అరిస్తాతలు చెప్పిన శీలబల మిక్కడ వక్తది గాదు, వక్త ప్రభువుది. దూతవాక్యమున కీ విశేషము సహజము.

ఇంతవఱకు నుపాయములను గుర్తించుట. కాని యసలు చిక్కు దీని తరువాతనే యున్నది. ఈ పద్యములు వచోబలమునకు మేలుబంతులైనచో దుర్యోధనుఁ డేల కరఁగలేదు? రాయబారము విఫలమైనది. సూదిమొన మోపిన నేలయు నీనని వాఁడు చెప్పినట్లు భారతమునఁ గలదు. ప్రేక్షకులు మాత్రము "వన్స్ మోర్" అని కేకలు వేసి మరలఁ బాడించుకొందురు. ఈ వైరుధ్యమును విద్యార్థుల ముందుంచిననాఁడు పాఠము జీవము పొందును. ఎదుట నిలిచిన శ్రోతయు, బ్రక్కనుండి వినుచున్న శ్రోతయు నొక్కరు గారు. కృష్ణుని వాక్కు దుర్యోధనునకు విసరఁబడినను, భీష్మద్రోణాదులకును, గొలువుదీరిన రాజులకును, వారినిదాఁటి నాటకశాలలో నేలపైఁ గూర్చున్న మనకును దగులుచున్నది.

ఇది మన యూహ మాత్రమే గాదు. ఉద్యోగపర్వమునఁ గృష్ణుఁడు బయలుదేఱుటకు ముందు ధర్మరాజుతోఁ, దాను సభలో నతని గుణములను, దుర్యోధనుని దోషములను బ్రకటింతుననియు, దానివలన రాజుల సంశయము తీఱుననియుఁ జెప్పినాఁడు. విదురునితోఁ, దాను సమర్థుఁడయ్యును మాన్పలేదని లోకము నిందింపకుండుటకుఁ గూడ వచ్చితినని చెప్పినాఁడు. తిరిగివచ్చిన పిదప సామమును, భేదమును, దానమును బ్రయోగించితిననియు, దండమే మిగిలినదనియు వరుసగా లెక్క చెప్పినాఁడు. సంధికొఱకుఁ జిత్తశుద్ధితోఁ బ్రయత్నించుటయు, సంధి పొసగనిచో దోష మెవరిదో లోకమునకుఁ దేటపఱచుటయు నను రెండు ప్రయోజనము లొక్క వాక్కున నున్నవి. ఈ రెండింటిని వేఱుచేసి చూడఁగల విద్యార్థి వాదపరీక్షలో మొదటి మెట్టెక్కినట్లే.

కృష్ణభాషణమును నిట్లు విడఁదీయుట యపచారమని కొందఱు పండితులు శంకింపవచ్చును. తన యుపాయములను దానే పేరుపేరున లెక్కించిన వక్త విషయమున నీ శంకకుఁ దావు లేదు. వ్యాసుఁడు దాఁపని దానిని మనము దాఁపనేల?

ఇందులకుఁ బ్రత్యుదాహరణముగా సంజయ రాయబారమును జేర్చి బోధింపవలయును. ధృతరాష్ట్రుఁడు రాజ్యభాగమునుగూర్చి యొక్కమాటయుఁ జెప్పక శాంతిమాత్రము కోరి సంజయునిఁ బంపెను. యుద్ధముచేసి పొందు రాజ్యముకంటె నంధక వృష్ణుల దేశమున భిక్షాటనము మేలని సంజయుఁడు ధర్మరాజునకు హితవు చెప్పును. జీవితము చంచలము, కామము బంధకము, హింస పాపము. ఒక్కొక్క మాటయు సత్యమే. అయినను నన్నియుఁ గలిసి యన్యాయమునకుఁ గాపుగా నిలిచినవి. సత్యవాక్యముల సముదాయము వంచనకుఁ బనికివచ్చునను పాఠము బాలుర కింతకంటెఁ జక్కగా నేర్పు ఘట్టము మఱియొకటి నాకుఁ గానరాదు. ఇందుఁ బరీక్షింపవలసినది చెప్పఁబడిన మాట గాదు, విడువఁబడిన మాట. భాగమెంత? ఎప్పుడు? ఎవరు పూఁట? ఈ ప్రశ్నలకు సంజయునియొద్ద నుత్తరము లేదు. ధర్మరాజు తుదకైదు గ్రామములైనఁ జాలునని చెప్పి యా మౌనమును బయటఁబెట్టెను.

పాశ్చాత్యనాటకములలో నీ పాఠమునకుఁ దఱచుగాఁ జూపఁబడునది షేక్స్పియరు జూలియసు సీజరు. దానిని వావిలాల వాసుదేవశాస్త్రిగారు 1876లోనే తెనిఁగించిరి. అందు బ్రూటసు గద్యమున హేతువులు చెప్పి సభను శాంతపఱచును. ఆంటొనీ పద్యమునఁ జినిఁగిన యుత్తరీయమును జూపి యదే సభను రెచ్చఁగొట్టును. ఏ చినుఁగు ఎవని కత్తి వలనఁ గలిగినదో యతఁడు వ్రేలుపెట్టి చూపును. హత్యాసమయమున నతఁ డచ్చట లేఁడు. ట్రెబోనియసు వానిని ముందే వెలుపలికిఁ గొనిపోయియుండెను. చూడనిదానిఁ జూచినట్లు చెప్పుచున్నాఁడని జనసమూహములో నొక్కఁడును దలఁపఁడు. ఆంటొనీ గెలిచెను, గృష్ణుఁ డోడెను. కావున ఫలమునుబట్టి వాక్కు మంచిచెడ్డలను నిర్ణయింపరాదని యీ రెండు నాటకములను బ్రక్కప్రక్కనుంచి చూపవచ్చును.

మన నాటకములలో నీ విచారణకు గురజాడ కన్యాశుల్కమును నక్షయనిధియే. 1892లో మొదట ప్రదర్శింపఁబడి 1897లో నచ్చుపడి, 1909లోఁ బెంపుచేయఁబడిన యా గ్రంథమున గిరీశము శ్రోతనుబట్టి సిద్ధాంతమును మార్చును. వాఁడు సంస్కరణమును బొగడునపుడు చెప్పిన యుక్తులలోఁ గొన్ని నిజముగా మంచివే. వక్త మాత్రము మంచివాఁడు గాఁడు. వక్త దుష్టుఁడైనంత మాత్రమున వాదము దుష్టమగునా? ఈ ప్రశ్నకుఁ దరగతిలో రెండు పక్షము లేర్పడుట మేలు. అట్లే తెనాలిలో నివసించిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారి శంబూకవధ (1920) ఉత్తరకాండకథను శంబూకుని పక్షమునుండి విచారించినది. బాలుని మరణమునకు వేఱొకని తపస్సు కారణమనుటలో హేతుసాధ్యముల సంబంధ మేమి యని విద్యార్థి యడుగుట కది దారి చూపును. ఆ నాటకముతో నేకీభవింపనివారును దాని ప్రశ్నకు సమాధానము వెదకవలసినవారే.

బోధనక్రమమునుగూర్చి యొక సూచన. ముందు పద్యమును గానముతోనే వినిపింపవలయును; రుచి తెలియనివానికిఁ బరీక్ష తెలియదు. పిదప దానిని విద్యార్థిచేత నాలుగు వాక్యముల గద్యముగా వ్రాయింపవలయును. రాగము తొలఁగినపుడు నిలిచినదెంత, కరఁగినదెంత యను భేదము వానికే తెలియును. ఆ మీఁదట నైదు ప్రశ్న లడుగవలయును. ఎవఁడు పలికెను, వానికా యధికార మెక్కడిది? ఎదుటి శ్రోత యెవఁడు, బ్రక్క శ్రోత యెవఁడు? వానిలో దేనిని దాఁకెను: దయనా, భయమునా, అభిమానమునా, బుద్ధినా? ఏమి చెప్పక విడిచెను? మాట ముగిసిన పిదప నెవని స్థితి మాఱెను? తుదకుఁ దరగతిలో నొకనిచేత దుర్యోధన పక్షమును న్యాయముగాఁ జెప్పింపవలయును. జూదము పాండవులు సమ్మతించియే యాడిరి, శకుని గెలిచెను, ఇందు నా తప్పేమి యని వాఁడు సభలో నడిగినట్లు భారతమునఁ గలదు. ఆ వాదమును బలముగాఁ జెప్పనేర్చినవాఁడే దాని లోపమును బలముగాఁ జూపఁగలఁడు. ప్రతిపక్షమును బలహీనము చేసి ఖండించుట వితండమునకుఁ దోఁబుట్టువు.

ఇందొక ప్రమాదమును గలదు. సామము, భేదము, శీలము, చిత్రము నను పేరులను బట్టీపట్టి పద్యముల కంటించుట మొదలైనచో, నలంకారములకుఁ బట్టిన గతియే దీనికిని బట్టును. పేరు చెప్పుట పరీక్ష గాదు. ఈ శ్రోతపై నీ మాట యేల పనిచేసెను, ఏల చేయలేదు అనుటయే పరీక్ష. ఒక పద్యమునకు నొక్క వాక్యముననైనఁ దన సొంత కారణమును వ్రాసిన బాలుఁడు పది పేరులు వ్రాసినవానికంటె నెక్కువ నేర్చినవాఁడు.

ఇట్టి విమర్శ రసభంగకరమను నాక్షేపమున కొక్కమాట. మమ్మటుఁడు ప్రభుసమ్మిత సుహృత్సమ్మితములనుండి కావ్యోపదేశమును వేఱుచేసి కాంతాసమ్మితమనెను. ఆజ్ఞను దిరస్కరింపవచ్చును, మిత్రుని హితవును దర్కింపవచ్చును. ప్రియమైన వాక్కునకు మాత్రము తెలియకయే లోఁబడుదుము. మధురవాక్కునకుఁ గల యీ శక్తి మంచివారికిని, జెడ్డవారికిని సమానముగా నందుబాటులో నుండును. ఎన్నికల వేదికపైఁ బలుకువాఁడును, వస్తువుల నమ్మఁజూపువాఁడును, వీధిలో గుంపును గూర్చువాఁడును నేఁ డదే యాయుధమును బట్టుచున్నారు. మన బాలుఁడు రేపు వారి యెదుట నిలువవలసినవాఁడు. రాయబారపుఁ బద్యము వినినపుడు మేను పులకరింపనిండు. ఆ పులకకుఁ గారణ మేమియని మఱునాఁడు తరగతిలో వానినే యడుగుఁడు. రసమును గోలుపోకుండ వివేకమును బడయవచ్చునని కృష్ణుని వాక్కును బ్రేమించుచునే పరీక్షించిన పాఠకుఁడు తన యనుభవమున నెఱుఁగును.