కోట గోడ వెనక కర్ర

మా నస్రుల్లాబాద్ వైపు బడి వార్షికోత్సవమంటే చాలావరకు ఆరుబయటే. టెంట్ హౌస్ బల్లలు కలిపి స్టేజీ వేస్తాం, వెనక పరదా కడతాం, దాని ముందు కోట గోడ, మర్రిచెట్టు, పూరిగుడిసె నిలబెడతాం. వాటికి రంగులు వేయడానికి పిల్లలు రోజులకు రోజులు కూర్చుంటారు. నిలబెట్టే పని మాత్రం చివరి గంటలో, చేతికి దొరికిన సుతిలితో అయిపోతుంది. నాకు బాధంతా ఆ చివరి గంట గురించే.

మార్కెట్లో దొరికే ప్లైవుడ్ షీటు నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. దాన్నే కోట గోడ అనుకోండి. పరదా తాడు చిక్కుకుని ఆరడుగుల ఎత్తులో ఐదు కిలోల బలంతో ముందుకు లాగిందంటే చాలు, ఆ గోడ ఆడుతున్న పిల్లల మీదికి ఒరుగుతుంది. అందుకే దాని వెనక కర్రలతో త్రికోణం కట్టాలి. పాదం నుంచి మూడడుగులు వెనక్కి నేల మీద ఒక కర్ర, దాని కొస నుంచి షీటు పైభాగానికి ఏటవాలుగా మరొకటి. వెనక కొసన ఇసుక సంచి పెట్టాలి. ఆరును ఐదుతో హెచ్చించి మూడుతో భాగిస్తే పది. అంటే పది కిలోల సంచి ఆ లాగుడుకు సరిగ్గా సరిపోతుంది. పిల్లలు తిరిగేచోట సరిగ్గా సరిపోవడం చాలదు, రెట్టింపు ఉండాలి. సిమెంటు సంచిలో మూడోవంతు ఇసుక పోస్తే దాదాపు 20 కిలోలు. మంజీర ఒడ్డున బతికే మనకు ఇసుక కరువు లేదు.

గది లోపలైతే ఈ లెక్క చాలు. ఆరుబయట గాలి ఉంది. అది వెనకనుంచి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీస్తే అదే షీటు మీద సుమారు 20 కిలోల తోపు పడుతుంది, అదీ నడిమధ్యన, నాలుగడుగుల ఎత్తులో. దాన్ని ఆపాలంటే మూడడుగుల కర్ర కొసన కనీసం 27 కిలోలు కావాలి. ఒక సంచి చాలదు, రెండు పెట్టాలి. గాలి ముందువైపు నుంచి వీస్తే వెనక కొసన పెట్టిన బరువు పనికే రాదు, షీటు పాదం దగ్గర కూడా అంతే బరువుండాలి. ఇది చాలామందికి తట్టదు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. అప్పుడు ఇంకో సంచి కోసం వెతకొద్దు, సెట్టింగ్ దించేయాలి.

సుతిలి లాగినకొద్దీ వదులవుతుంది. కర్రకు కర్ర కలిసేచోట సీలలు కొట్టాలి, లేదా బైండింగ్ వైరు బిగించి కొసలు లోపలికి వంచాలి. థర్మోకోల్ తేలిక కనుక ప్రమాదం లేదనుకుంటారు. అది ఇట్టే అంటుకుంటుంది. ఫోకస్ లైటు దాని దరిదాపుల్లో ఉండకూడదు. 1995 డిసెంబర్ 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక బడి వార్షికోత్సవం జరుగుతుండగా షామియానా అంటుకుని 400 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. ఒక్కరోజు కోసం కట్టింది కదా అని మనం వదిలేసే ప్రతిచోటా నాకు ఆ ఊరు గుర్తొస్తుంది.

ఈ విద్యలో మనకు గురువులు లేకపోలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సురభి నాటకసమాజం ఊరూరా తిరుగుతూ తన స్టేజీ తానే కట్టుకుంది. వాళ్ల అడవులు, అంతఃపురాలు ఎక్కువగా పైనుంచి వేలాడే రంగుల తెరలే. పై కట్టు గట్టిదైతే వేలాడే తెర మీద పడదు. బరువైన గోడను నిలబెట్టలేని బడికి అదే మంచి దారి: గుడ్డ మీద కోట బొమ్మ గీయించి, గుంజలకు గట్టిగా కట్టిన అడ్డ బొంగుకు వేలాడదీయండి. గాలికి తెర ఉబ్బుతుంది, గుంజలను లాగుతుంది. అందుకే గుంజలు నేలలో లోతుగా పాతాలి.

అసలు సెట్టింగే లేకుండా ఆడవచ్చునని మన ఇందూరు (నిజామాబాద్) సీమే చూపించింది. చిందు భాగవతం ఆడిన చిందు ఎల్లమ్మ వంటి కళాకారిణికి కోట గోడ అవసరం పడలేదు. కిరీటం, భుజకీర్తులు, పాట, అడుగు, అంతే. చూసేవాళ్ల కళ్లముందు రాజ్యం లేచి నిలిచేది. సరిగా నిలబెట్టే తీరిక లేనప్పుడు సెట్టింగ్ మానేయడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. నాటకం ఏమీ తగ్గదు.

ఉంచితే మాత్రం, హెడ్‌మాస్టర్లకూ ఉపాధ్యాయ మిత్రులకూ నా మనవి. ఆ పనికి ఒక పెద్దమనిషిని పేరుపెట్టి నియమించండి. పై తరగతి పిల్లల్ని వెంటపెట్టుకోండి, పై లెక్కను నల్లబల్ల మీద కాక స్టేజీ మీద చేయించండి. వేషాలు వేసుకున్న పిల్లలు ఎక్కకముందే వెనక్కి వెళ్లి, ప్రతి ముక్కనూ ముందునుంచీ వెనకనుంచీ గట్టిగా తోసి చూడండి. కదిలిందంటే ఆటకు ఉంచొద్దు. ఈసారి కార్యక్రమ పత్రం రాసేటప్పుడు జ్యోతి ప్రజ్వలన కన్నా పైన ఈ పనికి ఒక గంట రాసుకోండి.