ముట్టుకోని ఒక్క డిపాజిట్టు: ఇబ్సెన్ 'జాన్ గాబ్రియెల్ బోర్క్‌మన్' పునఃపరిశీలన

నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ 1896లో ప్రచురించిన 'జాన్ గాబ్రియెల్ బోర్క్‌మన్' నాలుగంకాల నాటకం. డిపాజిటుదార్ల సొమ్మును అక్రమంగా వాడిన నేరానికి ఎనిమిదేళ్లు నిర్బంధంలో గడిపిన బ్యాంకు అధిపతి, విడుదలయ్యాక మరో ఎనిమిదేళ్లుగా ఇంటి మేడమీద ఒంటరిగా పచార్లు చేస్తుంటాడు. కింది గదిలో భార్య గున్‌హిల్డ్ ఆ అడుగుల చప్పుడు వింటుంది. పైకి మాత్రం వెళ్లదు. దేశం దాటకుండానే అనుభవించే ప్రవాసమిది. అజ్ఞాతవాసం అందామంటే, అతడెక్కడున్నాడో అందరికీ తెలుసు.

అధికారం కోసం ప్రేమను బలిచేసిన మనిషి విషాదంగా ఈ నాటకాన్ని చదవడం పరిపాటి. రెండవ అంకంలో ఎల్లా రెంట్‌హైమ్ చేసే ఆరోపణ అందుకు బలమైన ఆధారం. అయితే ఆ పఠనంలో బ్యాంకు కేవలం నేపథ్యంగా మిగిలిపోతుంది. నేరం జరిగిన తీరును పక్కనపెట్టి బోర్క్‌మన్ పాత్రను అంచనా వేయలేమన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

అతడు గని కార్మికుని కొడుకు. భూగర్భంలోని లోహం విముక్తి కోసం తనను పిలిచిందని నమ్ముతాడు. గనులు, ఓడలు, కర్మాగారాలు, వేలమంది బాగు - ఇదీ అతని స్వప్నం. ఇంకో ఎనిమిది రోజుల వ్యవధి దొరికి ఉంటే డిపాజిట్లన్నీ యథాస్థానానికి చేరేవంటాడు. ఎం.ఏ. తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా కొందరు విద్యార్థులు అతని పక్షం వహించడం గమనించాను. ఆ మాటలకు అంత ఆకర్షణ ఉంది.

కాని ఆ డిపాజిట్లలో అతడు ముట్టుకోనిది ఒక్కటుంది. అది ఎల్లాది. అటువంటి ప్రయాణానికి అత్యంత ప్రియమైనదాన్ని వెంట తీసుకుపోరన్న అర్థంలో కారణం చెబుతాడు. విమర్శకులు దీన్ని ప్రేమకు నిదర్శనంగా గ్రహించవచ్చు. న్యాయదృష్టితో చూస్తే ఇదే అతని నేరాంగీకారం. ఓడ మునగవచ్చునని తెలిసే ఇతరుల సొమ్మును అందులోకి ఎక్కించాడు! పైగా బ్యాంకు పదవికి హింకెల్ మద్దతు కోసం ఎల్లాను వదులుకున్నదీ తానే. మనిషిని ఇచ్చివేసి, ఆమె ధనాన్ని కాపాడాడు. ఎల్లా ఆ ఇంటిని వేలంలో కొనబట్టే అతనికి తలదాచుకునే చోటు మిగిలింది.

సర్వం పోగొట్టుకున్నవారి పక్షాన రంగం మీద కనిపించేవాడు ముసలి గుమాస్తా ఫోల్డాల్ ఒక్కడే. తానొక విషాదనాటకం రాసుకున్నాడు. తెలుగులో 'పరపతి' అంటే అప్పు పుట్టే అర్హత, పలుకుబడి కూడా. ఈ ఇద్దరి స్నేహం అచ్చంగా పరపతి వ్యవహారమే. ఒకరి కలను ఇంకొకరు నమ్మినంతకాలం అది సాగుతుంది. బోర్క్‌మన్ పునఃప్రతిష్ఠ సాధ్యమా అని ఫోల్డాల్ సందేహించగానే, నువ్వు కవివే కావని అతడు తేల్చేస్తాడు.

నాల్గవ అంకంలోని మంచు, కొండచరియ, మరణం అతనికి అర్హతకు మించిన గాంభీర్యాన్ని ఇచ్చాయని నా అభిప్రాయం. శవం మీదుగా అక్కచెల్లెళ్లు చేతులు కలపడంతో కుటుంబం లెక్క మాత్రం తీరింది. అంతకుముందే, ఇబ్సెన్ ఫోల్డాల్‌ను కుంటుకుంటూ ప్రవేశపెట్టాడు. దారిలో అతణ్ణి పడదోసి పోయిన స్లెడ్జి బండిలో ఉన్నది బోర్క్‌మన్ కొడుకు, తన సొంత కూతురు. ఆ సంగతి తెలిశాక కూడా, కూతురు అంత చక్కని బండిలో వెళ్లిందని అతడు సంతోషిస్తాడు.