కైకిలియుస్ ఇంట్లో లాటిన్

ఇంగ్లండు హైస్కూళ్ళలో లాటిన్ చదువు చాలాకాలం మన శబ్దమంజరి చదువులాగే సాగింది. ముందు విభక్తులు బట్టీ పట్టాలి, సాహిత్యం సంగతి తర్వాత. 1960 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రవేశానికి లాటిన్ తప్పనిసరి అన్న నియమం పోయింది. మరి పిల్లలు ఇంకెందుకు చదవాలి? ఆ ప్రశ్నకి జవాబుగా 1970లో వచ్చిన పాఠ్యపుస్తకమే ‘కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్స్’.

నేను దీన్ని కథగానే చదివాను. పాంపేయిలో కైకిలియుస్ అనే వడ్డీ వ్యాపారి, భార్య మెటెల్లా, కొడుకు క్వింటుస్, వంటవాడు గ్రుమియో. ఆ వ్యాపారి నిజంగా ఉన్నవాడే. అతని లెక్కల పలకలు తవ్వకాల్లో దొరికాయి. చిన్న చిన్న వాక్యాలు. విభక్తులు కథతోపాటే అలవాటవుతాయి. మొదటి భాగం చివర్లో వెసూవియస్ బద్దలై కైకిలియుస్ చనిపోతే, పరాయి భాషలో చదువుతున్నామన్న సంగతే మర్చిపోయి బాధపడతాం.

కానీ గ్రుమియో బానిస. యజమాని భోంచేసి నిద్రపోతే, మిగిలిన నెమలి మాంసం లాగించే హాస్యపాత్ర. నవ్వొస్తుంది. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ నవ్వే. ‘సెర్వుస్’ అంటే బానిస అని రాస్తే మార్కు వస్తుంది. బానిస బతుకంటే ఏమిటని పరీక్షలో ఎవరడుగుతారు? భాష ఇంత సులువుగా ఒంటబడితే, అందులోని లోకం కూడా అంతే సులువుగా మామూలైపోతుంది.

2022లో వచ్చిన ఐదో కూర్పు ఆ బతుకు గురించి పిల్లల్ని ఆలోచించమంటుంది. కైకిలియుస్‌కి లూకియా అనే కూతురు కూడా వచ్చింది. నా మటుకు ఇది మంచి మార్పే. అంత ఇష్టంగా పిల్లల్ని ఆ ఇంట్లోకి పిలిచినవాళ్ళు వంటింటిని కూడా చూపించాలి కదా.