పంటికో ఆనకట్ట

పుచ్చిన పన్నుకు ఫిల్లింగ్ చేయించుకున్నవాళ్ళందరికీ ఆ దూది చుట్టలు గుర్తుండే ఉంటాయి. బుగ్గకూ చిగురుకూ మధ్య ఒకటి, నాలుక కింద ఒకటి. పెదవి మూలకు తగిలించిన సన్నటి గొట్టం గరగరమంటూ ఉమ్మిని లాగేస్తుంటుంది. అసలు పనికి ముందు చేసే చిల్లర ఏర్పాట్లు అనుకుంటాం. కానీ ఆ ఫిల్లింగ్ ఎన్నాళ్ళుంటుందన్నది చాలామటుకు అక్కడే తేలిపోతుంది.

నోట్లో రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. పైదవడలో రెండో దవడపంటికి ఎదురుగా, బుగ్గ లోపల ఒక గ్రంథి నాళం తెరుచుకుంటుంది. నాలుక కింద మరికొన్ని ఉన్నాయి. దూదిని ఆ చోట్లలోనే పెట్టడానికి కారణం అదే. అయితే కిందిదవడ చివరి పళ్ళ దగ్గర దూది ఎక్కువసేపు ఆగదు. ఒకపక్క నాలుక తోస్తుంది, మరోపక్క బుగ్గ ఒత్తుతుంది.

సరిగ్గా ఈ ఇబ్బందికే 1864లో న్యూయార్క్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ ఉపాయం కనిపెట్టాడు. అప్పట్లో పుచ్చును శుద్ధమైన బంగారు రేకుతో పూడ్చేవారు. ముక్క మీద ముక్క పెట్టి ఒత్తితే బంగారం తనంతట తానే అతుక్కుంటుంది, ఉమ్మి తగిలిందా అతకదు. బార్నమ్ పలుచని రబ్బరు ముక్కకు చిల్లు పెట్టి పంటి మీదుగా దించాడు. పన్ను బయటికి వచ్చింది, తడి అంతా రబ్బరు అడుగునే ఉండిపోయింది. అదే రబ్బర్ డ్యామ్. దానికి ఆయన పేటెంటు తీసుకోలేదు, తోటి వైద్యులందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. అదే ఏడాది, గట్టిపరచిన రబ్బరుతో కట్టుడు పళ్ళ దిమ్మ తయారుచేసే పద్ధతికి పేటెంటు వచ్చింది. దాని పేరిట అమెరికా దంతవైద్యుల దగ్గర ఏళ్ళ తరబడి రుసుము వసూలు చేశారు, కోర్టులకీడ్చారు. దాని పక్కన పెట్టి చూస్తే బార్నమ్ ఎంత పెద్ద మనసు చూపాడో తెలుస్తుంది.

ఇప్పటికీ పద్ధతి దాదాపు అదే. ఆరంగుళాల చదరపు షీటుకు పంచ్‌తో చిల్లులు వేస్తారు: ముందు పళ్ళకు చిన్నవి, దవడపళ్ళకు పెద్దవి. స్టీలు క్లాంపు పంటి మెడను పట్టుకుంటుంది. అది జారితే గొంతులోకి పోకుండా ముందే దానికి దారం కడతారు. షీటును ఫ్రేముకు సాగదీసి తగిలిస్తారు. పళ్ళ సందుల్లోకి రబ్బరును ఫ్లాసుతో దింపుతారు. చివరగా చిల్లు అంచును చిగురు వైపు లోపలికి మడుస్తారు. ఈ మడత కుదరకపోతే అంచు వెంట ఉమ్మి మెల్లగా పైకి పాకుతుంది. చేయి తిరిగిన వైద్యుడి పనితనం ఈ మడతలోనే కనిపిస్తుందని నా అభిప్రాయం.

బంగారం పోయి పంటి రంగు కాంపోజిట్ వచ్చాక పొడితనం అవసరం తగ్గలేదు. 1955లో మైకేల్ బునకోర్ చూపిన దారిలో ఎనామిల్‌కు ఆమ్లం రాస్తే కంటికి కనిపించని గుంటలు పడతాయి. పన్ను సుద్దలా తెల్లబడుతుంది. జిగురు ఆ గుంటల్లోకి దిగి పట్టుకుంటుంది. ఆ సమయంలో ఉమ్మి పడితే అందులోని ప్రొటీన్లు గుంటలను కప్పేస్తాయి. మళ్ళీ శుభ్రం చేయకుండా పూడిస్తే అంచు వదులై, కింద మళ్ళీ పుచ్చు మొదలుకావచ్చు.

రూట్ కెనాల్ సంగతి వేరు. సూదిలాంటి ఫైలు చేజారి గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అక్కడ రబ్బర్ డ్యామ్ తప్పనిసరి. మామూలు ఫిల్లింగుల విషయంలో రుజువులు ఇంకా తక్కువే. దూదితోనే జాగ్రత్తగా చేసేవారూ ఉన్నారు. అయినా లోతైన పుచ్చుకు, చివరి దవడపంటికి షీటు వేయడమే మేలని నేను నమ్ముతాను.

కాబట్టి కుర్చీలో కూర్చున్నాక, "రబ్బర్ డ్యామ్ వేస్తారా డాక్టరుగారూ?" అని మొహమాటపడకుండా అడగండి. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉన్నా, రబ్బరు పడకపోయినా ముందే చెప్పండి. లేటెక్స్ లేని షీట్లు కూడా దొరుకుతాయి.