ముందు బొటనవేలు, తర్వాతే మెషిన్

కానిస్టేబుల్ ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాయంటే మా ఫిజియోథెరపీ గదికి పిల్లల రాక మొదలవుతుంది. తెలంగాణలో ఆ తర్వాత జరిగే ఈవెంట్స్‌లో, అంటే దేహదారుఢ్య పరీక్షల్లో, అబ్బాయిలు 1600 మీటర్లు, అమ్మాయిలు 800 మీటర్ల పరుగు టైములో కొట్టాలి. నిన్నటిదాకా స్టడీ హాల్లో కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా తెల్లారుజామునే తారు రోడ్డెక్కుతారు. కొన్ని వారాలకే ముంగాలి ఎముక లోపలి అంచు వెంట నొప్పి. వస్తూనే అడుగుతారు: “షాక్‌వేవ్ కొడితే ఈవెంట్స్‌కల్లా తగ్గుతదా సార్?”

నేను ముందు మెషిన్ జోలికి పోను. కాలు చాపమని చెప్పి, చీలమండ పైనుంచి మోకాలి వైపు ఎముక అంచు మీద బొటనవేలితో కొద్దికొద్దిగా నొక్కుకుంటూ వెళతాను. నొప్పి ఐదు సెంటీమీటర్లకు మించి పొడుగ్గా పాకి ఉంటే అది చాలావరకు షిన్ స్ప్లింట్సే, పరుగు ఒత్తిడికి ముంగాలిలో వచ్చే నొప్పే. అలాకాక వేలికొస పట్టేంత చోట నొక్కగానే కాలు లాక్కున్నా, రాత్రి పడుకున్నా సలుపుతోందన్నా, ఎముక సన్నగా చిట్లిందేమోనని అనుమానించాలి. తొలి రోజుల్లో అది ఎక్స్‌రేలో చాలాసార్లు దొరకదు, ఎమ్మారై తీయాలి. ఆ కాలిని నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి పంపుతాను. మా పనిలో అన్నిటికన్నా విలువైనవి ఇలా వేలితో నొక్కి చూసే నిమిషాలేనని నా నమ్మకం.

పిల్లలు అడిగే షాక్‌వేవ్ వైద్యం పుట్టింది కిడ్నీ రాళ్ల కోసం. 1980లో మ్యూనిక్‌లో తొలిసారి రోగి మీద వాడారు. మా గదుల్లో ఎక్కువగా ఉండే రేడియల్ మెషిన్ పద్ధతి వేరు. గాలి ఒత్తిడికి గొట్టంలోని చిన్న లోహపు ముక్క దూసుకొచ్చి మూతికి తగులుతుంది, ఆ దెబ్బ జెల్ గుండా కాల్లోకి దిగుతుంది. కరెంటు ఒంట్లోకి పోదు. సెకనుకు 8 చొప్పున 2000 దెబ్బలంటే నాలుగు నిమిషాల పైచిలుకు. నొప్పి ఉంటుంది. టేబుల్ అంచు పట్టుకున్న అమ్మాయి వేళ్లు తెల్లబడుతుంటే నేనే ఒత్తిడి తగ్గిస్తాను.

పనిచేస్తుందా? 2010లో రోంపె అనే పరిశోధకుడి బృందం ఈ నొప్పి ఉన్న 94 మందిని పరిశీలించింది. ఇంట్లో చేసే వ్యాయామాలకు మూడు విడతల షాక్‌వేవ్ తోడైనవాళ్లు మెరుగ్గా కోలుకున్నారు. 2012లో నెదర్లాండ్స్‌లో 42 మంది క్రీడాకారులను చూశారు. పరుగును మెల్లగా పెంచుకుంటూ పోయినవాళ్లకు సుమారు 92 రోజులు పడితే, దానికి షాక్‌వేవ్ కూడా కలిపినవాళ్లకు 60 రోజులు పట్టింది. అయితే ఆ రెండు చోట్లా తమకు ఏ వైద్యం అందుతోందో రోగులకు తెలుసు. 2017లో ఆస్ట్రేలియాలో 28 మందిలో కొందరికి పేరుకు మాత్రం దెబ్బలు తగిలేలా పెట్టి చూస్తే, అసలు వైద్యానికీ దానికీ తేడా తేలలేదు. చిన్న ప్రయోగమే, కానీ నేను దాన్ని పక్కన పెట్టలేను.

అందుకే ఆటో తోలే తండ్రి అప్పు తెచ్చి కట్టే ‘పది సిట్టింగుల ప్యాకేజీ’ చూస్తే నాకు కోపమొస్తుంది. నెలల తరబడి ముదిరిన నొప్పికి, వ్యాయామం మానని కాలికి, తోడుగా మాత్రమే మెషిన్ తీస్తాను. అసలు పని వేరే: పరుగు సగానికి తగ్గించాలి, తారు వదిలి మట్టి గ్రౌండుకు మారాలి, రోజూ మడమలెత్తి దించుతూ పిక్కలకు బలం పెంచాలి.

పైన చెప్పిన మంచి లెక్క కూడా 60 రోజులే. ఈవెంట్స్ ఇంకో నెల ఉందనగా వచ్చిన పిల్లకు నేను ఆ రోజులు ఎక్కడినుంచి తెచ్చివ్వను? కోచింగ్ సెంటర్లవాళ్లను అడిగేది ఒక్కటే: ఫలితాల దాకా ఆగకండి, ప్రిలిమ్స్ రాసిన వారంలోనే పిల్లల్ని మట్టి మీద నడకతో మొదలుపెట్టించండి.